ఫ్లాష్ పట్టపగలే వెలిగించండి

పిట్టల ఫొటోలు తీసేవాళ్ళకు నేనిచ్చే సలహాలన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. ఎండ మండుతున్నప్పుడు ఫ్లాష్ వెయ్యమంటాను, చీకటి పడగానే దాన్ని సంచిలో పెట్టెయ్యమంటాను. దూరాన ఉన్న పిట్ట కోసమని అమ్మే ఫ్లాష్ ఎక్స్‌టెండర్‌ను దూరపు పిట్టకు వాడొద్దంటాను. వెలుగు పెంచడానికి కొన్న సామాను తగిలించుకుని పవర్ తగ్గించమంటాను. ఇదేం పిచ్చి సలహా అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల గుట్టల్లో, చెరువు గట్ల మీద, మామిడి తోపుల్లో కెమెరాతో తిరిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. 150-600 జూమ్ లెన్సులు మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చాక ఆదివారం తెల్లవారుజామున హార్స్‌లీ కొండ దారిలో నాలుగు బళ్ళు ఆగి కనిపించడం మామూలైపోయింది. సంతోషమే. అయితే లెన్సు తర్వాత చాలామంది కొనేది ఫ్లాష్, ఆ తర్వాత దానికి ఎక్స్‌టెండర్. కొన్నాక రెండింట్లో ఒకటి జరుగుతుంది. ఆశించిన దూరం రాలేదని అటక మీద పడేస్తారు. లేదా రాత్రిపూట గుడ్లగూబల మీదికి తిప్పుతారు. మొదటిది డబ్బు దండగ. రెండోది పాపం.

అసలు ఈ ఎక్స్‌టెండర్‌లో ఏముందో ముందు చూద్దాం. బెటర్ బీమర్, మ్యాగ్‌బీమ్ లాంటి పేర్లతో దొరికే ఈ సామానులో మోటారు లేదు, కరెంటు లేదు. ఫ్లాష్ తలకు ఒక జానెడు ముందు నిలబెట్టే పల్చటి ప్లాస్టిక్ పలక, దాన్ని పట్టి ఉంచే రెండు చేతులు, అంతే. ఆ పలక మీద గుండ్రంగా సన్నసన్నటి గాళ్ళు చెక్కి ఉంటాయి. ఫ్రెంచి ఇంజనీరు ఫ్రెనెల్ లైట్‌హౌస్‌ల కోసం తయారు చేసిన కటకం ఇదే. 1823లో ఫ్రాన్స్ తీరంలోని కొర్దువాన్ లైట్‌హౌస్‌లో మొదట వెలిగింది. మందపాటి గాజు బరువు లేకుండా అదే పని పల్చటి పలక చేసిపెడుతుంది. బడుల్లో ఒకప్పుడు వాడిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్‌లో ఉన్నదీ ఇదే. చిన్నక్షరాలు చదవడానికి పుస్తకం మీద పెట్టుకునే ప్లాస్టిక్ భూతద్దం షీటూ ఇదే. చేనంతా పరుచుకునే నీళ్ళను ఒకే కాలువలోకి మళ్ళించినట్టు, ఫ్లాష్ నుంచి నాలుగు దిక్కులకూ చెదిరిపోయే వెలుగును ఇది ఒక సన్నటి దారిలోకి మళ్ళిస్తుంది. కొత్త వెలుగేదీ పుట్టించదు. ఉన్నదాన్నే పోగు చేస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పేదంతా సులువుగా తలకెక్కుతుంది.

దూరపు పిట్టను వదిలెయ్యండి

ఫ్లాష్ శక్తిని గైడ్ నంబర్‌తో కొలుస్తారు. ఆ అంకెను లెన్సు ఎఫ్ నంబర్‌తో భాగిస్తే వెలుగు ఎన్ని మీటర్లు అందుతుందో వస్తుంది. మనవాళ్ళు ఎక్కువగా వాడే గోడాక్స్, కెనాన్ పెద్ద ఫ్లాష్‌లకు 200 మి.మీ. జూమ్‌లో, ఐఎస్ఓ 100 దగ్గర ఆ అంకె 60. మన జూమ్ లెన్సు 600 దగ్గర ఎఫ్ 6.3. అరవైని 6.3తో భాగిస్తే తొమ్మిదిన్నర మీటర్లు. ఎక్స్‌టెండర్ బాగా అమరితే పిట్ట మీద పడే వెలుగు నాలుగు రెట్లవుతుందనుకుందాం, అంటే రెండు స్టాపులు. నాలుగు రెట్ల వెలుగుకు నాలుగు రెట్ల దూరం రాదు, రెండు రెట్లే వస్తుంది. ఎందుకంటే దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి పందొమ్మిది మీటర్లు.

ఇప్పుడు ఎక్స్‌టెండర్ తీసి పక్కన పెట్టి, ఐఎస్ఓను 100 నుంచి 400కు తిప్పండి. మళ్ళీ అదే పందొమ్మిది మీటర్లు! పైసా ఖర్చు లేదు, బరువు లేదు. ఒక్క చక్రం తిప్పడంతో వచ్చే దూరం కోసం ఇంత తతంగం ఎందుకు? ఇప్పటి కెమెరాల్లో ఐఎస్ఓ 1600, 3200 కూడా చక్కగా వస్తున్నాయి. నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. దూరం కోసమే అయితే ఎక్స్‌టెండర్ అవసరం తీరిపోయి చాలా కాలమైంది.

రెండూ కలిపితే ముప్పై ఎనిమిది మీటర్లు వస్తుంది కదా అని లెక్కలు వచ్చినవాళ్ళు అడుగుతారు. కాగితం మీద వస్తుంది. పుంగనూరు దగ్గర ఏ చెరువు గట్టు మీదైనా పొద్దున పది గంటల తర్వాత నిలబడి, అవతలి ఒడ్డున ఉన్న కొంగను 600 లెన్సులో చూడండి. నేల మీంచి లేచే వేడిగాలికి కొంగ మెడ వణుకుతూ కనిపిస్తుంది. ఆ వణుకును ఏ ఫ్లాషూ ఆపలేదు. పైగా మధ్యలో ఉన్న దుమ్మునూ పొద్దుటి మంచునూ కూడా ఫ్లాష్ వెలిగించి, తెల్లటి చుక్కలుగా ఫొటోలోకి తెచ్చిపెడుతుంది. నలభై మీటర్ల అవతల పిట్ట ఉంటే ఫ్లాష్ ఆపండి. చూసి ఆనందించండి, లేదా సహజమైన వెలుగులో చిన్నగా, చుట్టూ ఉన్న నీళ్ళతో గట్లతో కలిపి తియ్యండి. అలాంటి ఫొటోల్లోనే మన సీమ కనిపిస్తుంది.

మిట్టమధ్యాహ్నం తగిలించండి

మరి దేనికి పనికొస్తుందంటారా? నీడకు పనికొస్తుంది.

కరెంటు తీగ మీద కూర్చున్న పసులపోలిగాడిని తీసుకోండి. నల్లటి పిట్ట, వెనక తెల్లగా మండే ఆకాశం. మామూలుగా తీస్తే నల్ల కాగితం కత్తిరించి అతికించినట్టే వస్తుంది. కన్ను ఎక్కడుందో తెలియదు. ఎక్స్‌పోజర్ పెంచితే పిట్ట తేలుతుంది, ఆకాశం తెల్లగా పాలిపోతుంది. ఐఎస్ఓ పెంచితే? ఆకాశమూ పెరుగుతుంది, పిట్టా పెరుగుతుంది, తేడా అలాగే ఉంటుంది. ఎండకూ ఫ్లాష్‌కూ ఉన్న నిష్పత్తిని ఐఎస్ఓ మార్చలేదు. పిట్ట మీద పడే ఫ్లాష్ వెలుగును మాత్రమే పెంచాలి. ఎక్స్‌టెండర్ చేసేది సరిగ్గా అదే. చెరువు ఒడ్డున చిక్కటి పొదలోంచి నడుచుకుంటూ వచ్చే జెముడుకాకి, కానుగ నీడలో ముడుచుకున్న పైడికంటె, చింతచెట్టు కాండం మీద ఎక్కే వడ్రంగిపిట్ట, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పసులపోలిగాడి ఈకల మీద నీలి మెరుపు ఉందని చాలామందికి తెలియదు. పగటి ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో చూడండి.

దీనికీ లెక్క ఉంది. మంచి ఎండలో ఐఎస్ఓ 100 పెట్టి, షట్టర్ 1/200 సెకనులో ఉంచితే ఎఫ్ 11 దగ్గర ఎక్స్‌పోజర్ సరిపోతుంది. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షట్టర్ వేగం 1/200, 1/250 దగ్గరే ఆగుతుంది. అది దాటితే హై స్పీడ్ సింక్ పెట్టాలి, అప్పుడు ఫ్లాష్ శక్తిలో పెద్ద వాటా పోతుంది. పది మీటర్ల దూరంలో పిట్ట, ఎఫ్ 11. ఎండతో సమానంగా వెలిగించాలంటే గైడ్ నంబర్ 110 కావాలి. ఒట్టి ఫ్లాష్‌కు ఉన్నది 60. ఎక్స్‌టెండర్‌తో 120. కానీ ఎండతో సమానంగా వెలిగించాల్సిన పని లేదు. దానికి రెండు స్టాపులు తక్కువైతే చాలు, నీడలు మెత్తబడతాయి, కంట్లో ఒక చుక్క వెలుగు పడుతుంది. దానికి 55 చాలు. అంటే ఎక్స్‌టెండర్ తగిలించి ఫ్లాష్‌ను నాలుగో వంతు పవర్‌లో పెడితే పని జరిగిపోతుంది.

ఒట్టి ఫ్లాష్ కూడా ఫుల్ పవర్‌లో అరవై ఇస్తుంది కదా, మరి ఎక్స్‌టెండర్ ఎందుకు అని ఇక్కడ అడగాలి. మంచి ప్రశ్న, జవాబు కింద ఉంది.

పవర్ తగ్గించండి

ఫుల్ పవర్‌లో ఒకసారి వెలిగిన ఫ్లాష్ మళ్ళీ నిండడానికి నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో రెండు మూడు సెకన్లు పడుతుంది, బ్యాటరీలు దిగిపోతే ఇంకా ఎక్కువ. ఆ మూడు సెకన్లలోనే పిట్ట తల తిప్పుతుంది, రెక్క సాగదీస్తుంది, పురుగును పైకి ఎగరేసి మింగుతుంది. నాలుగో వంతులో పెడితే వెంటనే రెండోది, మూడోది తియ్యగలరు. వేసవిలో మన ఎండకు ఫ్లాష్ తల ముందే కాలుతూ ఉంటుంది. ఫుల్ పవర్‌లో వరసగా కొడితే వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. ఇంకోటి కూడా ఉంది. పవర్ తగ్గేకొద్దీ ఫ్లాష్ మెరుపు వ్యవధి కుదించుకుపోతుంది. ఫుల్ పవర్‌లో సెకనులో కొన్ని వందల వంతు ఉండే మెరుపు, తక్కువ పవర్‌లో కొన్ని వేల వంతుకు వస్తుంది. చిక్కటి నీడలో తేనెపిట్ట రెక్కను నిలబెట్టేది ఆ పొట్టి మెరుపే. ఎక్స్‌టెండర్‌ను దూరం కోసం కొనేవాళ్ళు నష్టపోతారనీ, తక్కువ పవర్‌లో పనిచేసుకోవడానికి కొనేవాళ్ళు లాభపడతారనీ నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఫ్లాష్ శక్తిని కెమెరాకే వదిలేసే టీటీఎల్ వాడేవాళ్ళు ఫ్లాష్ కాంపెన్సేషన్‌ను మైనస్ రెండు దగ్గర మొదలు పెట్టండి. తెల్లటి కొంగకు మైనస్ మూడు. నల్లటి పిట్టకు మైనస్ ఒకటి. ఫొటో చూసినవాళ్ళు ఫ్లాష్ వేశారా అని అడిగితే ఎక్కువైనట్టే. అడగకపోతే సరిపోయినట్టు.

ఎండలో అయితే పటంలా కదలకుండా కూర్చునే పిట్టకే ఫ్లాష్ అని కూడా గుర్తుంచుకోండి. 1/200 షట్టర్‌లో ఎగిరే పిట్టను తీస్తే, ఎండ వల్ల చెదిరిన రూపం ఒకటి, ఫ్లాష్ వల్ల తేటగా ఆగిన రూపం ఒకటి, రెండూ ఒకే ఫొటోలో పడతాయి. ఎగిరేదానికి ఎండే చాలు.

నడుస్తున్నప్పుడు పలక తీసెయ్యండి

ఈ ఒక్క సలహా విషయంలో బతిమాలుకుంటున్నాను. ఫ్లాష్ వెలుగును బయటికి పోగు చేసే పలక, సూర్యుడి వెలుగును లోపలికి కూడా అంతే పోగు చేస్తుంది. కెమెరాను భుజాన వేసుకుని, లెన్సు ఆకాశం వైపు ఉండగా కొండ ఎక్కుతుంటే, ఎండ ఆ పలకలోంచి దూరి ఫ్లాష్ తల మీద ఒక చుక్కగా పడుతుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చారు కదా, అదే పని. ఫ్లాష్ ముందుండే ప్లాస్టిక్ కరిగి గుంట పడుతుంది. ఎక్స్‌టెండర్ వాడేవాళ్ళలో ప్రపంచమంతా జరిగే ప్రమాదం ఇది. హార్స్‌లీ కొండ మీద, రిషివ్యాలీ చుట్టూ గుట్టల్లో వేసవికి కసువు ఎండి గలగలలాడుతూ ఉంటుంది. కెమెరాను ట్రైపాడ్ మీద వదిలి నీళ్ళు తాగడానికి పోతే, ఆ చుక్క ఫ్లాష్ మీద కాకుండా కింద కసువు మీద పడే రోజు కూడా రావచ్చు. తీసే క్షణంలో తప్ప పలక బిగించి ఉంచకండి. ఓపిక లేకపోతే నల్ల గుడ్డ ఒకటి కుట్టించి కప్పండి. ఎండకు ఎదురు తిరిగి తీస్తున్నప్పుడు అసలే వద్దు.

సర్దుకోవడం గురించి రెండు మాటలు. పలక పెట్టాక ఫ్లాష్ జూమ్‌ను 200లో ఉంచకూడదు. చాలావాటికి 50 మి.మీ. దగ్గర పెట్టమంటారు. మీ దానికి ఎంతో కొన్నప్పుడు వచ్చిన కాగితంలో చూడండి, తర్వాత సాయంత్రం పూట ఒక సున్నం గోడకు పదిహేను మీటర్ల దూరంలో నిలబడి కొట్టి చూడండి. వెలుగు మచ్చ ఫ్రేము మధ్యలో పడాలి. పక్కకు పడితే చేతులు సర్దండి. ఐదు మీటర్ల కంటే దగ్గరికొస్తే మచ్చ పిట్ట నెత్తి మీంచి పోతుంది, అప్పుడు పలక తీసేసి మామూలు ఫ్లాష్ వాడండి.

రాత్రిపూట ముట్టుకోకండి

సీమలో వేటగాళ్ళకు తెలిసిన పాత విద్య ఒకటుంది. చీకట్లో కుందేలు కళ్ళలోకి టార్చి వేస్తే అది కదలకుండా నిలబడిపోతుంది. నేల మీద తిరిగే రాత్రి పక్షులూ అంతే. వెలుగు తగలగానే ఎటు పోవాలో తోచదు. ఆ నిశ్చేష్టను చూసి ఫొటోగ్రాఫర్ భలే పోజిచ్చిందని మురుస్తాడు. అది పోజు కాదు.

కలివికోడి కథ మన వాళ్ళందరికీ తెలిసి ఉండాలి. రాత్రిపూట నేల మీద తిరిగే ఈ పక్షి 1848లో శాస్త్రానికి తెలిసింది, 1900లో అనంతపురం వైపు కనిపించాక మాయమైపోయింది. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో, లంకమల అడవి అంచున బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని మళ్ళీ లోకానికి చూపించారు. దాని జాడ చెప్పింది స్థానిక వేటగాళ్ళే. రాత్రి పట్టుకున్న ఆ మొదటి పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు ఏం చేశారో చూడండి. ముళ్ళపొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే వచ్చి దాని మీద పడిన అడుగులు చూశారు. ఆ అడుగులు కనబడ్డ చోట్లలోనే తనంతట తాను క్లిక్‌మనే కెమెరాలు పెట్టారు. 2002లో ఈ పద్ధతి గురించి ఓరిక్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా ఆ పక్షిని చూడాలని తపించినవాళ్ళు, వెలుగు పట్టుకుని దాని వెంట పరిగెత్తడంతోనే సరిపెట్టుకోలేదు. మట్టిని చదివారు. మన ఊరి చివర మిట్టల్లో కనిపించే నైట్‌జార్‌కూ, పెద్ద పసుపు కళ్ళ కంకులేళ్ళకూ కలివికోడికి ఇచ్చిన మర్యాదే ఇవ్వాలి.

ఫ్లాష్ పడితే కళ్ళు పోతాయని భయపెట్టి ఒప్పించాలని నాకు లేదు. చీకటికి అలవాటు పడిన కన్ను మెరుపు తగిలాక మళ్ళీ సర్దుకోవడానికి కొంతసేపు పడుతుంది. సినిమా హాల్లోంచి వచ్చీ పోయేటప్పుడు మనకూ అంతే. ఆ కొంతసేపట్లో గుడ్లగూబకు కొమ్మ సరిగ్గా కనపడదు, ఎలుక కనపడదు. పిల్లలకు మేత తెచ్చే కాలమైతే ఆ రాత్రి సంపాదన పోయినట్టే. ఎక్స్‌టెండర్ తగిలిస్తే ఆ వెలుగు అదే కంట్లో నాలుగింతలు పోగవుతుంది. పైగా ఫొటో కూడా బాగుండదు. నైట్‌జార్ కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. లెన్సు పక్కనుంచే వెళ్ళిన ఫ్లాష్ వెలుగు దానికి తగిలి తిన్నగా కెమెరాలోకి తిరిగొస్తుంది. కన్ను నిప్పుకణికలా కాలిపోయి వస్తుంది. బ్రాకెట్ పెట్టి ఫ్లాష్‌ను పైకెత్తితే అది తగ్గుతుందని రాసేవాళ్ళున్నారు. తగ్గుతుంది. పిట్టకు కలిగే ఇబ్బంది తగ్గదు.

ఎరిక్ హాస్కింగ్ అనే ఇంగ్లీషాయన పక్షుల ఫొటోలకు ప్రపంచ ప్రఖ్యాతి పొందినవాడు. ఫ్లాష్‌తో పిట్టలను తియ్యడంలో తొలి గురువుల్లో ఒకడు. 1937లో గుడ్లగూబ గూడు దగ్గర రాత్రిపూట పని చేస్తుండగా ఆ పక్షి గోళ్ళు తగిలి ఆయన ఎడమ కన్ను పోయింది. ఆ తర్వాత ఒక కన్నుతోనే జీవితమంతా పిట్టలను తీస్తూ పోయాడు. గూడు దగ్గర పక్షి ఎంత తెగింపుతో ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

కుప్పం వైపు వాళ్ళకు ఇంకో మాట. అక్కడి అడవుల్లోకి 1980లలో ఏనుగులు దిగాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పటికీ చీకటి పడితే మందలు చేలలోకి వస్తాయి. గుడ్లగూబ కోసం ఫ్లాష్ పట్టుకుని సాయంత్రం వంక దాటి పోవడం ధైర్యం కాదు. అభయారణ్యంలోకి అడుగు పెట్టాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. కాపలా మంచె మీద నిద్ర కాచుకుంటున్న రైతు ముందు మీరు ఫ్లాష్ కొట్టి ఏనుగును రెచ్చగొడితే, దాని ఫలితం పడేది ఆయన టమోటా చేను మీద.

గూడు కనిపిస్తే స్విచ్ ఆపండి

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. బావి గట్టు మీది ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్ళు కావచ్చు, వంక ఒడ్డు మట్టిలో తొలిచిన పచ్చటి పురుగుపిట్టల బొరియలు కావచ్చు, పగలైనా సరే ఫ్లాష్ వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకిచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను కలతపెట్టడం కూడా ఉంది. తుపాకీ పట్టుకున్నవాడికి వర్తించే మాట కెమెరా పట్టుకున్నవాడికీ వర్తిస్తుంది.

పిట్ట దగ్గరికి పోకండి, దాన్నే రానివ్వండి

ఎక్స్‌టెండర్ ఇచ్చే రెండు స్టాపులను సగం దూరం కూడా ఇస్తుంది. ఇరవై మీటర్ల పిట్ట పది మీటర్లకొస్తే వెలుగు నాలుగింతలు. వెలుగుతో పాటు పిట్ట ఫ్రేములో పెద్దదవుతుంది, వేడిగాలి వణుకు తగ్గుతుంది, కంటి చుట్టూ ఈకలు లెక్కపెట్టొచ్చు. 1950లలో అమెరికాలో క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్ అనే ఆయన, ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ రూపొందించిన పొట్టి మెరుపు ఫ్లాష్‌ల దారిలోనే, హమ్మింగ్ పిట్టల రెక్కలను ఆపి చూపించాడు. ఆయన ఫ్లాష్‌లు పిట్టకు దగ్గరగా ఉండేవి, పిట్ట పూలకూ తీపి నీళ్ళకూ తనంతట తాను వచ్చేది.

మన దగ్గర తీపి నీళ్ళు కూడా అక్కర్లేదు. మార్చి నుంచి జూన్ దాకా ఇంటి వెనక, తోపులో నీడ ఉన్నచోట ఒక వెడల్పాటి మట్టి తొట్టి పెట్టి రోజూ నీళ్ళు మారుస్తూ పోండి. వారం పది రోజుల్లో అలవాటు పడతాయి. పికిలిపిట్టలు, గువ్వలు, వంగపండు పిట్ట, తేనెపిట్టలు, అప్పుడప్పుడు డేగ కూడా వస్తుంది. తొట్టికి ఏడెనిమిది మీటర్ల దూరంలో కొబ్బరాకులతోనో పాత గోనెసంచులతోనో చిన్న మరుగు కట్టుకుని కూర్చోండి. మొదట రెండు రోజులు ఫ్లాష్ లేకుండా తీసి, మూడో రోజు చాలా తక్కువ పవర్‌తో మొదలుపెట్టండి. మొదటి మెరుపుకు పిట్ట నీళ్ళు తాగడం ఆపితే గమనించండి. మెడ సాగదీసి బిగుసుకుపోయినా, ఒంటికి ఈకలు అదిమిపెట్టుకున్నా, ఎగిరిపోయినా ఆ రోజుకు ఫ్లాష్ చాలు. పట్టించుకోకుండా తాగుతూ ఉంటే రెండోది తియ్యొచ్చు. ఈ చూపు అలవాటయ్యేదాకా ఎక్స్‌టెండర్ కొనకండి. అంతగా చూడాలనిపిస్తే స్టేషనరీ కొట్టులో దొరికే ప్లాస్టిక్ భూతద్దం షీటును అట్టతో ఫ్లాష్‌కు బిగించి చూడండి. చాలామందికి దానితోనే సరిపోతుంది.

హార్స్‌లీ కొండ మీద, రిషివ్యాలీ గుట్టల్లో పసుపు గొంతు పికిలిపిట్ట ఉంది. ప్రపంచం మొత్తంలో దక్షిణ భారతదేశపు రాతి గుట్టల్లో తప్ప ఎక్కడా ఉండదు. శాస్త్రానికి దాన్ని పరిచయం చేసింది కూడా ఇంగ్లీషులో కలివికోడి పేరుకు ముందుండే జెర్డన్ దొరే. ఐయూసీఎన్ దాన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో పెట్టింది. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి దాని కోసమే వస్తున్నారు. అది బండల నీడలో తిరుగుతుంది కాబట్టి పగటి ఫ్లాష్‌కు సరిగ్గా సరిపోయే పిట్ట. అందువల్లే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. దాని కూతను ఫోనులో పెట్టి పిలవకండి. ఒక గుంపుగా నాలుగు ఫ్లాష్‌లు ఒకేసారి పేల్చకండి. ఒకరు తీస్తే మిగతావాళ్ళు ఆగండి. బండ మీద పళ్ళు తినడానికి అది వచ్చే వేళ తెలుసుకుని, దానికి పన్నెండు పదిహేను మీటర్ల దూరంలో ముందే కూర్చుంటే అదే వస్తుంది. రెండు మెరుపులు చాలు.

పిట్టలను చదవడం నేర్చుకోవడానికి మన మదనపల్లెకు మించిన చోటు లేదు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు ఇది, ఆయన పేరుతో ముడిపడ్డ రిషివ్యాలీ 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతమయింది. అక్కడి పక్షి అధ్యయన కేంద్రం, పక్షి పరిశోధకుడు శాంతారాం గారి నాయకత్వంలో, ఇంట్లో కూర్చుని పక్షిశాస్త్రం నేర్చుకునే కోర్సు నడిపి ఎంతోమందిని తయారు చేసింది. ప్లాస్టిక్ పలక కంటే అలాంటి చదువు ఫొటోను ఎక్కువ మారుస్తుంది.

ఇక మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఫొటోగ్రఫీ మిత్రులకు ఒక విన్నపం. మీ గ్రూపుల్లో, మీ పోటీల్లో పిట్ట ఫొటో పెట్టినప్పుడు ఫ్లాష్ వేశారా లేదా, పగలా రాత్రా, ఎన్ని మీటర్ల నుంచి అని కింద రాయించండి. పగటి వెలుగులో, తక్కువ పవర్‌తో, గూడుకు దూరంగా తీసినదాన్ని మెచ్చుకోండి. రాత్రి గుడ్లగూబ కళ్ళలోకి ఎక్స్‌టెండర్ కొట్టి తీసిన ఫొటో ఎంత తేటగా ఉన్నా పోటీలోకి తీసుకోకండి, పంచకండి, దానికి బహుమతి ఇవ్వకండి.